ఆర్లెన్ వోస్కిల్ తీసేయని ప్రసంగం

ఆర్లెన్ వోస్కిల్ మా ఊళ్లో ఇళ్లను వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేసేవాడు. అమెరికాలో అయోవా రాష్ట్రం వాయవ్య మూలన, చలికాలంలో ఆ పని తెలిసినవాడికి పాస్టరుకున్నంత మర్యాద దొరుకుతుంది. పొడుగాటి మనిషి, కాస్త వంగిన భుజాలు. నలుగురిలో ఉంటే నోరు విప్పేవాడు కాదు, రాజకీయాల మాట వస్తే తప్ప. మా కౌంటీలో డెమోక్రాట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా అందరం కన్జర్వేటివ్‌లమే, అందుకే ఇక్కడ గొడవలన్నీ మాలో మాకే.

కూతురు కారిన్ కాలేజీలో చేరిన ఏడాది థాంక్స్‌గివింగ్ పండక్కి ఇంటికొచ్చి అడిగింది. "నాన్నా, మనం కన్జర్వేటివ్‌లం అంటావు కదా, ఎందుకో చెప్పు. తాతయ్య అలాగే ఓటేసేవాడని మాత్రం అనకు." ఆర్లెన్ దగ్గర జవాబు లేదు. కూతురి ముందు తెల్లమొహం వేసినందుకు సిగ్గుపడి, ఆ చలికాలమంతా చదివాడు. చదివింది చెదిరిపోకుండా ఒక వెబ్‌సైటు మొదలుపెట్టాడు. రాజ్యాంగం రాసిన రోజుల నాటి వాదోపవాదాలు, పాత పత్రికల వ్యాసాలు, రేడియో ప్రసంగాలు, దేశపు చట్టసభ కాంగ్రెస్‌లో జరిగిన చర్చలు ఇంటర్నెట్‌లో ఎక్కడ ఉచితంగా దొరుకుతాయో వెతికి, లింకులు పెట్టాడు. ప్రతిదాని కిందా రెండు ముక్కలు రాసేవాడు. ఈయన అనేదేమిటి, మనవాళ్లలోనే దీన్ని కాదనేదెవరు. విదేశీ సరుకు మీద సుంకాలు వెయ్యాలనేవాళ్లనూ కూడదనేవాళ్లనూ పక్కపక్కనే కూర్చోబెట్టేవాడు. పరాయి దేశాల యుద్ధాల విషయంలోనూ అంతే.

నేను హైస్కూల్లో పిల్లలకు డిబేటు నేర్పేదాన్ని. వాళ్లు మొదట తెరిచేది ఆర్లెన్ సైటే. ఏదో లింకు పనిచెయ్యడం లేదని ఫోను చేస్తే, ఎవరింటి బేస్‌మెంటులో ఏ ఫర్నేసు ముందు పడుకుని ఉన్నా "సాయంత్రానికల్లా చూస్తా టీచర్" అనేవాడు.

నెలకోసారి టౌన్‌షిప్ హాల్లో మా కన్జర్వేటివ్‌ల అధ్యయన సంఘం కూడేది. సైటు ఆ సంఘం పేరు మీదే నడిచేది. హాల్లో మాట్లాడినవాళ్ల ప్రసంగాలను ఆర్లెన్ రికార్డు చేసి అందులో పెట్టేవాడు. ఒకసారి అతని భార్య మార్వా తమ్ముడు గెరిట్ హావర్‌క్యాంప్ మాట్లాడాడు. గెరిట్ విత్తనాల వ్యాపారి, మంచి మాటకారి. "ఏ కంపెనీ కోసమైనా సరే, ప్రభుత్వం రైతు దగ్గర్నుంచి బలవంతంగా ఒక్క అడుగు నేల కూడా లాక్కోకూడదు. ఈ మాట మీద వెనక్కి తగ్గేవాడు మనవాడు కాడు" అన్నాడు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

చాలా ఏళ్లు గడిచాక మా ప్రాంతానికి ఒక గొట్టాల పథకం వచ్చింది. మొక్కజొన్న నుంచి ఇంధనం తీసే ఫ్యాక్టరీలు వదిలే బొగ్గుపులుసు వాయువును గొట్టాల్లో పట్టి, వేరే రాష్ట్రంలో భూమి లోపలికి పంపుతారట. గొట్టాలు పొలాల కిందుగా పోవాలి. ఒప్పుకోని రైతుల భూమిని చట్టంతో తీసుకోవచ్చా లేదా అన్న దగ్గర ఊరు రెండుగా చీలింది. సరిగ్గా అప్పుడే గెరిట్ రాష్ట్ర సెనేట్‌కి పార్టీ టిక్కెట్టు కోసం నిలబడ్డాడు, అదీ గొట్టాల వైపు. మా దగ్గర టిక్కెట్టు ఎవరికో కూడా ఓటర్లే తేలుస్తారు. అతని పాత ప్రసంగాన్ని ఎవరో ఆర్లెన్ సైటులో వెతికి పట్టుకుని ఫోన్లలో తిప్పడం మొదలుపెట్టారు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక గెరిట్ అక్క ఇంటికి భోజనానికి వెళ్లాడు. అక్కడేం జరిగిందో మార్వా తర్వాత నాకు చెప్పింది. బఠాణీ సూపు వడ్డించి తను ఇంకా కూర్చోనైనా లేదు.

"బావా, ఆ ప్రసంగం తీసెయ్" అన్నాడు గెరిట్.

"ఎందుకు? నువ్వు మాట్లాడిందే కదా."

"అప్పటి పరిస్థితి వేరు."

"ఆ సంగతే చెప్పు. రికార్డు చేసి దాని పక్కనే పెడతాను."

"ఎన్నికల ముందు మాట మార్చానని నా నోటితోనే చెప్పించి, దాన్ని ఊరంతా వినిపిస్తావన్నమాట. బాగుంది."

"మారడం తప్పని నేననలేదు. తుడిచెయ్యడం తప్పంటున్నా."

"నువ్వు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్సేం కాదు బావా. నీ సైటు లేకపోతే దేశం ఆగిపోదు."

"అలాంటప్పుడు నీకెందుకంత కంగారు?"

గెరిట్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. హ్యామ్ బన్ను కొరికింది కొరికినట్టే ప్లేటులో ఉండిపోయింది.

ఆ వారం నుంచే గెరిట్ వైపువాళ్ల వెలి మొదలైంది. ఫర్నేసులు తనిఖీ చెయ్యమని ముందే చెప్పి ఉంచినవాళ్లు ఒక్కొక్కరే ఫోను చేసి, ఇప్పుడు వద్దులే అన్నారు. చర్చిలో ఆర్లెన్ డీకను, అంటే సేవల బాధ్యత చూసేవాడు. కొంతకాలం పక్కన ఉంటే బాగుంటుందని పెద్దలు మెత్తగా చెప్పారు. ఎవరో పనిగట్టుకుని దాడి చేస్తే సైటు కొన్ని రోజులు పడిపోయింది. కో-ఆప్ దుకాణంలో అతను కాఫీకి కూర్చుంటే ఆ బల్ల దగ్గరివాళ్లు గబగబా కప్పులు ఖాళీ చేసి లేచిపోవడం నేనే చూశాను. వాళ్లలో పాతికేళ్లుగా అతనితో కలిసి జింకల వేటకు వెళ్తున్నవాళ్లున్నారు.

ఇంట్లో అంతకంటే కష్టంగా ఉంది.

"నీకా ప్రసంగం ఎక్కువా, నా తమ్ముడు ఎక్కువా?" అని అడిగింది మార్వా.

"అలా అడగకు. ఇవాళ వాడిది తీసేస్తే, రేపు ఇంకొకడిది తియ్యనని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"నీ మొహం సంగతి సరే. నా మొహం సంగతి? మా అమ్మ నా ఫోను ఎత్తడం మానేసింది ఆర్లెన్."

అతను బేస్‌మెంటులోకి మెట్లు దిగి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఒక దశలో మౌసు మీద వేలు ఆనించాడట కూడా. ఇంకొక్క నొక్కు చాలు, ప్రసంగం పోతుంది. పైన వంటింట్లో మార్వా నడక ఆగిపోవడం వినిపించి, ఆమె తన కోసమే ఎదురుచూస్తోందని అర్థమైంది. అయినా వేలు కదల్లేదు.

మార్చిలో, కరుగుతూ గడ్డకడుతూ ఉన్న మంచులో, సంఘం కూడింది. ఎన్నడూ రానివాళ్లు కూడా వచ్చి గోడల వెంట నిలబడ్డారు. గెరిట్ లేచి తీర్మానం పెట్టాడు. సైటు సంఘానిది కాబట్టి, మన పక్షానికి నష్టం చేసేదేదైనా సంఘం తీయించవచ్చునని. ఆర్లెన్‌ని మాట్లాడమన్నారు. అతను చేతిలో టోపీ తిప్పుతూ నిలబడ్డాడు.

"మా అమ్మాయి అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. వెతుక్కోవడానికే ఇది పెట్టాను. ఇందులో మనకు నచ్చేవే ఉంటే, ఇంకో అమ్మాయి ఎవరైనా అడిగితే మళ్లీ జవాబుండదు. అంతే" అని కూర్చున్నాడు.

వెనక నుంచి ఎవరో "గొప్పోడివిలే" అన్నారు. కొందరు నవ్వారు.

అప్పుడు ట్రీనా బూర్స్మా లేచింది. భర్త పోయాక ఒక్కతే సేద్యం చేసుకుంటున్న మనిషి. ఆమె పొలంలో గొట్టాల సర్వేవాళ్లు అప్పటికే జెండాలు పాతారు.

"గెరిట్, ఆ ప్రసంగం రోజు నేను ముందు వరసలో ఉన్నాను. చేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను. నువ్వెందుకు మారావో నాకు చెప్పు. నీకు ఓటెయ్యాలో లేదో తర్వాత నేను చూసుకుంటా."

గెరిట్ మెడ ఎర్రబడింది. తడబడుతూనే మొదలుపెట్టాడు. "ఆ రోజు నేను అబద్ధం చెప్పలేదు ట్రీనా. కానీ మన పంట కొనేది ఆ ఫ్యాక్టరీలే. గొట్టం రాకపోతే అవి గొట్టాలున్న నెబ్రాస్కా రాష్ట్రానికి పోతాయి. అప్పుడు నీ పొలం నీకే ఉంటుంది, గింజ కొనేవాడుండడు. నా కొడుకు వ్యవసాయం వదిలేస్తానంటున్నాడు. మీ పిల్లలు మాత్రం ఉంటారా?"

"అది సరే. నేను ఒప్పుకోకపోతే నా నేల లాక్కోవచ్చంటావా?"

ఎన్నికల సభల్లో ఈ ప్రశ్నను ఎన్నోసార్లు తప్పించుకున్నాడు గెరిట్. ఈసారి ఆమె కళ్లలోకి చూసి, "అవును. అదే అంటున్నా" అన్నాడు.

అనేశాక అతని చూపు బల్ల మీదికి పోయింది. ప్రతి సభలోలాగే ఆర్లెన్ రికార్డరు అక్కడే ఉంది, ఎర్ర దీపం వెలుగుతూ.

"అది నడుస్తోందా బావా?"

"నడుస్తోంది. కానీ ఇది నువ్వు ప్రసంగంగా చెప్పింది కాదు. నువ్వు సరేనంటేనే పెడతా. లేకపోతే ఇక్కడే చెరిపేస్తా."

గెరిట్ కోటు తీసుకుని తలుపు దాకా వెళ్లి ఆగాడు. వెనక్కి తిరక్కుండానే, "పెట్టుకో" అని వెళ్లిపోయాడు.

తీర్మానం కొద్ది చేతుల తేడాతో వీగిపోయింది. జూన్‌లో జరిగిన ఆ టిక్కెట్టు ఎన్నికలో గెరిట్ స్వల్ప తేడాతో ఓడిపోయాడు. ఆ 'అవును' వల్లే ఓడాడని సగం ఊరంది, ఆ మాత్రం ఓట్లు వచ్చింది దానివల్లేనని మిగతా సగం అంది. ఆర్లెన్ రెండు రికార్డింగులూ పక్కపక్కనే పెట్టాడు. మా డిబేటు పిల్లలు వాటిని విని, ఒక జట్టు ట్రీనా వైపు, ఒక జట్టు గెరిట్ వైపు నిలబడి గొంతులు పోయేలా వాదించుకున్నారు. ఆర్లెన్‌ని మళ్లీ డీకనుగా ఎన్నుకోలేదు. అక్కాతమ్ముళ్లు నెలల తరబడి మాట్లాడుకోలేదు.

మరుసటి క్రిస్మస్‌కి మార్వా బాదం ముద్ద పెట్టిన పేస్ట్రీ కాల్చి, ఎవరికీ చెప్పకుండా తమ్ముడింటికి బయల్దేరింది. కారు ఆర్లెన్ నడిపాడు. తలుపు తీసింది గెరిట్.

"బావ రాలేదా?"

"వచ్చాడు. కార్లో ఉన్నాడు."

"ఈ చలికి బిగుసుకుపోతాడు. లోపలికి రమ్మను."

ఆర్లెన్ వచ్చి బూట్లు విప్పాడు. ముగ్గురూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. మొదటి కప్పు కాఫీ అయ్యేలోపే గొట్టాల మాట వచ్చింది. మార్వా లేచి, ఇద్దరికీ మళ్లీ కాఫీ పోసింది.