వాగు చుట్టూ మూడు చుట్లు

తొంభైల నాటి చిక్కడపల్లిలో నడకంటే బస్సు దొరకనివాడు చేసే పని. కూరగాయలకు కూడా రిక్షాలో వెళ్లి, రిక్షాలో వచ్చి, గుమ్మం ముందు దిగి, నడుం పోయిందంటూ కూలబడే మహానుభావుల కాలం అది. అలాంటి జనం సొమ్మిచ్చి మరీ అడవిలో నడవడానికి వస్తారని నమ్మిన మనిషి నాకు తెలిసి ఒక్కడే. నారాయణగూడలో మేడ మీద ఒక గదిలో ట్రావెల్స్ నడిపే మా సేఠ్. అందరూ తిరుపతికే తీసుకుపోతుంటే మన గొప్పేముంది, మనం వికారాబాద్ అడవికి తీసుకుపోదాం, వాగు పొంటి గుండ్రంగా తిప్పి మళ్లీ బస్సు దగ్గరికే తెద్దాం అన్నాడు.

నేనప్పుడు చిక్కడపల్లిలో మా పెద్దమ్మ ఇంట్లో మూడు పూటలా తింటూ, ఆ ట్రావెల్స్‌లో కుదురుతానో లేదో తెలియని ఉద్యోగం చేస్తున్నాను. ఆ అడవి ఎరుకేనా అని సేఠ్ అడిగాడు. అక్కడే పెరిగానని, వాగులో చేపలు నన్ను పేరు పెట్టి పిలుస్తాయని చెప్పాను. (అడవిని చూసిన మాట నిజమే. వికారాబాద్ వైపు పోయే రైలు కిటికీలోంచి.)

"ఈ ట్రిప్పు మంచిగైతే నువ్వు పర్మినెంట్. ఎవరన్న తప్పిపోయిన్రంటే జర వేరే నౌకరి చూస్కో," అన్నాడు సేఠ్.

"గుండ్రటి బాటల ఎవరు తప్పిపోతరు సేఠ్?" అన్నాను. ఇలాంటి మాటలు దేవుడు చెవి రిక్కించి వింటాడు.

ఆదివారం పొద్దున బస్సెక్కిన జనాన్ని చూస్తే అడవికి కాదు, అడవి కూతురి పెళ్లికి పోతున్నట్టుంది. ఆడవాళ్లు పట్టుచీరలు, మొగవాళ్లు ఇస్త్రీ మడతలు. టిఫిన్ క్యారియర్లు, జంపఖానాలు, కిరోసిన్ స్టవ్వు, ఆవకాయ జాడీ, క్రికెట్టు కోసం ట్రాన్సిస్టరు. బర్కత్‌పుర నుంచి ఒక రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు (అందరూ బ్యాంకు మామ అనేవారు) చేతికర్రతో వచ్చి, అడవిలో మధ్యాహ్నం ఒరగడానికి మంచం ఉంటుందా అని నన్ను రెండుసార్లు అడిగాడు. నా ఉద్యోగం గట్టిపడితే తన వంటింటి భారం తగ్గుతుందని పెద్దమ్మ కూడా బయలుదేరింది. సేఠ్ ముందు సీట్లో కూర్చున్నాడు.

అడవి దగ్గర రోడ్డు పక్కన కాపలాదారు దారి చెప్పాడు. వాగును ఎడమ చేతికి ఉంచుకుని పైకి పొండి, రాళ్ల మీద దాటండి, అవతలి గట్టు పట్టుకుని కిందికొచ్చి మళ్లీ ఇవతలికి దాటండి, మోదుగు చెట్టు దగ్గర పక్కకు మళ్లి రోడ్డెక్కండి, అంతే. నాకు తల ఊపడం బాగా వచ్చు. చెట్టంటే చెట్టే అనుకునే చిక్కడపల్లివాణ్ని, పైగా అది మోదుగు పూసే కాలం కూడా కాదు.

నడక మొదలైన కాసేపటికే వాగు ఒడ్డున నున్నగా, నల్లగా ఒక రాయి కనబడింది. పెద్దమ్మ ఆగిపోయి, "పాపం, బొట్టు లేకుంట కూసున్నది" అంది. సంచీలోంచి పసుపు, కుంకుమ తీసి అద్ది, ఒక ఆకులో పులిహోర పెట్టి దండం పెట్టింది. అక్కడి నుంచి అంతా బాగానే సాగింది. వాగు దాటాం, అవతలి గట్టున తిన్నాం, కిందికొచ్చి మళ్లీ దాటాం. ప్రతి చెట్టునూ మోదుగేమో అని అనుమానించి, ఏదీ కాదని వదిలేసి, నేను ముందు నడిచాను. బస్సు కోసం తలెత్తి చూస్తే ఎదురుగా పసుపు కుంకుమల రాయి.

"ఏమయ్యా, పొద్దుగాల మనం ఈడ్నే ఉంటిమి గద?" అన్నాడు బ్యాంకు మామ, కర్ర నా వైపు ఎత్తి. సేఠ్ నన్ను చూసిన చూపులో నా ఉద్యోగానికి అప్పుడే దశదిన కర్మ జరుగుతోంది.

పెద్దమ్మ మాత్రం నన్ను చూడలేదు. ఖాళీ ఆకును చూసింది. (పైన కొమ్మ మీద మూతి పచ్చబడిన కోతి ఒకటి కూర్చుని ఉంది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.) చేతులు జోడించి, "అమ్మ తిన్నది. ఒక్క ప్రదక్షిణకే పోతమంటే ఎట్ల అన్నయ్యా? ఇంక రెండున్నయి," అంది బ్యాంకు మామతో.

ఇక చూడాలి. క్షణం క్రితం మోకాళ్లు పట్టుకున్నవాళ్లంతా చెప్పులు విడిచారు. మంచం అడిగిన బ్యాంకు మామ తన బూట్లు సేఠ్ చేతిలో పెట్టి అందరికన్నా ముందు నడిచాడు. నడకైతే అలసట గానీ ప్రదక్షిణకు అలసటేమిటి? రెండో చుట్టు చివర, రోడ్డు వైపు ఒక కొమ్మకు మా బస్సు డ్రైవరు ఆరేసిన ఎర్ర తువ్వాల కనబడింది. దారి దొరికింది! కానీ చెప్పడానికి నోరు లేదు. ప్రదక్షిణ మధ్యలో ఆపించిన పాపాత్ముణ్ని ఏ ట్రావెల్స్ పర్మినెంట్ చేస్తుంది? మూడోదీ తిరిగాను, జనం అందుకున్న భజనకు తాళం కూడా వేశాను, ఆ తర్వాతే అందర్నీ తువ్వాల వైపు మళ్లించి బస్సెక్కించాను.

తిరుగు ప్రయాణంలో బ్యాంకు మామ, ఇన్ని యాత్రలు చేశాను గానీ ఇంత తృప్తి ఎక్కడా కలగలేదన్నాడు. సేఠ్ అక్కడికక్కడే నన్ను పర్మినెంట్ చేసి, బూట్లు మోసిన చేతులతోనే నా వీపు తట్టాడు. మరుసటి వారం ఆఫీసు బోర్డు మీద జంగిల్ వాక్ పోయి 'వాగు ప్రదక్షిణ' వచ్చింది. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు మూడేసి చుట్లు తిరిగానో నా కాళ్లకే తెలుసు.

ఆ మొదటి ఆదివారం బస్సు హిమాయత్‌నగర్ దాటుతుండగా పెద్దమ్మ నా చెవి దగ్గరికి వంగింది. "తోవ నీకు ఎర్కలేదని మొదటి చుట్టుకే సమజైంది రా. ఇంకో రెండు చుట్లు తిరిగితెనన్న దొర్కకపోతదా అని గట్లన్న. ఇగ నౌకరి అయింది గద, అశోక్‌నగర్ల కిరాయికి రూము చూస్కో."

చూసుకున్నాను. అయినా ఆదివారం రాత్రుళ్లు ఆమె వంటింట్లోనే తేలేవాణ్ని, ఈవేళ ఎన్ని చుట్లని ఆమె నవ్వుతూ వడ్డించేది.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. డాక్టరు నడవమన్నాడని రోజూ పొద్దున పార్కులో గుండ్రటి బాట మీద తిరుగుతున్నాను, మోకాళ్లు పట్టుకుని, అచ్చం బ్యాంకు మామలాగే. రెండో చుట్టు పూర్తయ్యేసరికి కాళ్లు మొండికేస్తాయి, ఎదురుగా గేటు కనబడుతూనే ఉంటుంది. అయినా బయటికి రాను. ఇంకొకటుంది కదా.