గోల్‌పోస్టుకు మామిడి తోరణం

మా సిద్దిపేటలో రెండు దేశాల ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడారు. ఎవరు అడిగినా అడక్కపోయినా ఈ ముచ్చట చెబుతాను. బస్సులో పక్క సీటావిడకు చెప్పాను. గ్యాస్ బండ తెచ్చినతనికి చెప్పాను. పన్ను నొప్పికి దవాఖానకు పోతే, నోరు తెరవమన్న డాక్టరమ్మకు కూడా ముందు ఇదే చెప్పాను. ఆమె నవ్వింది. నవ్వనీ, మ్యాచ్ జరిగిందా లేదా?

నేను ఆడపిల్లల బడిలో ఆటల టీచర్ని. పిల్లలు ముందర పీఈటీ మేడం అంటారు, వెనక ఏమంటారో నాకు తెలుసు. నా గొంతు అట్లాంటిది, గ్రౌండు ఈ మూల నుంచి అరిస్తే ఆ మూల మేకలు కూడా ఆగిపోతాయి.

పదహారేళ్ల లోపు అమ్మాయిల కోసం పక్క దేశాలన్నీ కలిసి నడిపే టోర్నమెంట్ ఒకటుంది. ఇదివరకు కొద్ది జట్లతో ఒకే మహానగరంలో అయిపోయేది. ఈసారి జట్లను రెట్టింపు చేశారు. జట్లు పెరిగితే మ్యాచ్‌లు పెరుగుతాయి, మ్యాచ్‌లు పెరిగితే ఉన్న మైదానాలు చాలవు. అందుకని చిన్న పట్టణాలు కూడా మాకు కావాలని అడగొచ్చన్నారు. ఆ సంగతి తెలిసిన సాయంత్రమే మా గ్రౌండు కమిటీ పెద్దమనుషుల ముందు నిలబడి, మనమూ అడుగుదాం అన్నాను.

"ఏంది మేడం, మనూరికి దేశాలొస్తయా?" అని ఒకాయన చాయ్ గ్లాసు పట్టుకునే నవ్వాడు.

"పిలువకుంటనే రారని ఎట్ల చెప్తరు సార్?" అన్నాను. ఆ తర్వాత చాయ్ చల్లారేదాకా నా గొంతు తప్ప వేరే గొంతు వినబడలేదు. చివరికి నన్ను వదిలించుకోవడానికే దరఖాస్తు పెట్టారనుకుంటాను.

నాకింత పట్టు ఎందుకంటే మా నాన్న, మా బాపు కోసం. బాపు మొదట భివండిలో మగ్గాల మీద పనిచేశాడు, తర్వాత గల్ఫ్ పోయాడు. అక్కడ ఒక పెద్ద స్టేడియంలో కుర్చీలు బిగించే పని దొరికింది. బోల్టు బిగించాలి, కుర్చీని ఊపి చూడాలి, పక్కకు జరగాలి. మళ్లీ బోల్టు. ఎండకు ఆ ప్లాస్టిక్కు పెనం లెక్క కాలుతుండేదట. ఒక్కటే కట్టుబాటు, బిగించిన కుర్చీలో ఎవరూ కూర్చోకూడదు. నడుము విరిగినా సరే నిలబడాలి, తినేటప్పుడు మెట్ల మీద కూర్చోవాలి. కుర్చీలన్నీ అయిపోయాక, గేట్లు తెరవకముందే, పనిచేసిన మందినంతా ఇళ్లకు పంపేశారు.

ఆ స్టేడియంలో జరిగిన టోర్నమెంటు టీవీలో వస్తుంటే మేమంతా బంతిని చూసేవాళ్లం, బాపు కుర్చీలను చూసేవాడు. "గా మూలకు జూడు బిడ్డా, గా నీలివి నేను బిగించినయే" అనేవాడు. గోల్ ఎవరు కొట్టారో ఆయనకు పట్టేది కాదు. గోల్ పడగానే జనం లేచి గంతులేస్తే మాత్రం కోపం వచ్చేది. "అరే, కూసోండ్రిరా! కూసోను జాగ దొరికింది గద, ఎందుకు లేస్తున్రు?" అని టీవీని తిట్టేవాడు. మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం.

దేశాలు ఆడుతుంటే బాపు కుర్చీలో కూర్చుని చూడాలి, అంతే. బాపును మళ్లీ విమానం ఎక్కించే స్తోమత మాకు లేదు. కాబట్టి ఆటే మా ఊరికి రావాలి.

గ్రౌండు పరిశీలనకు వస్తున్నామని టోర్నమెంట్ వాళ్ల కబురొచ్చింది. ఇక నా హడావుడి చూడాలి! పిల్లలతో రాళ్లు ఏరించాను, గడ్డి కోయించాను, బట్టలు మార్చుకునే గదులకు సున్నం వేయించాను. టాయిలెట్ల తలుపులకు గడియలు పెట్టించడానికి నేను పడ్డ కొట్లాట రాస్తే అదో పుస్తకం. ముందురోజు సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తింటూ అవ్వతో, అంటే మా అమ్మతో, అన్నాను. "రేపు పొద్దుగాల పెద్ద చుట్టాలొస్తున్రవ్వా. గ్రౌండ్ కళకళలాడాలె."

అవ్వ బీడీలు చుడుతూనే తలూపింది. అంతటితో ఊరుకుంటుందనుకున్నాను. మా అవ్వ ఊరుకోవడం నేను ఎన్నడు చూశాను గనక!

తెల్లారి గ్రౌండ్ గేటు దగ్గరికి పోయేసరికి పెండ వాసన వచ్చింది. బర్రెలు గానీ దూరాయా అని పరుగెత్తాను. లోపల మా అవ్వ, మా జట్టు పిల్లల తల్లులు, వాళ్లు వెంట తెచ్చిన వదినెలు, చిన్నమ్మలు. కుకునూరుపల్లి నుంచి కొందరు ట్రాలీ ఆటోలో వచ్చారు. రెండు గోల్‌పోస్టుల ముందర పచ్చగా పెండనీళ్ల సాన్పు చల్లి ఉంది. దాని మీద ఇంత లావు ముగ్గు. పోస్టులకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. పైకర్రకు ఈ చివర నుంచి ఆ చివరకు మామిడాకుల తోరణం వేలాడుతోంది.

"అవ్వా! ఏం జేసినవే!" అన్నాను. ఆ మూల మేకలు ఆగిపోయే ఉంటాయి.

"ఎందుకట్ల ఒర్రుతున్నవు? చుట్టాలొస్తున్రంటివి. గిది దర్వాజ లెక్కనే ఉన్నది గద. సాన్పు జల్లక, బొట్టు వెట్టక ఉట్టిగ ఎట్ల ఉంచుతం?"

"దర్వాజ గాదవ్వా, గోలు! బంతి పోయే జాగ!"

"బంతి పోతే మాత్రం? లోపటికి పోయేది ఏదైనా మంచిగనే పోవాలె" అంది తొణక్కుండా.

తొగుట నుంచి వచ్చిన ఒక తల్లి చర్చికి పోయే మనిషి. "మేడం, నేను ముగ్గెయ్యలే, బొట్టు వెట్టలే. నీళ్లే మోసిన" అంది భయంభయంగా. ఆమెను చూసి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నిజం చెబుతున్నా, ఆ నిమిషం నాకు బాపు కనిపించాడు. మెట్ల మీద కూర్చుని సద్దన్నం తింటున్న బాపు, పక్కనంతా ఖాళీ కుర్చీలు. పోయింది, అంతా పోయింది అనుకున్నాను. అందరినీ గ్రౌండు పక్కనున్న సిమెంటు మెట్ల మీదికి వెళ్లగొట్టాను. పొమ్మంటే ఇంటికి పోరు కదా, కూర్చుని చూస్తున్నారు. నేను బకెట్ పట్టుకునేలోపే గేటు ముందు కారు ఆగింది.

దిగింది ఇద్దరు. ఒకామె పరదేశి మేడం, పొడుగ్గా, ఎండకు కమిలిన ముఖంతో. ఒకప్పుడు రెఫరీ అట. వెంట వచ్చినాయన నగరం నుంచి, ఆమె మాట మాకు, మా మాట ఆమెకు చెప్పడానికి. ఆమె నేరుగా గోల్ దగ్గరికి నడిచింది. సాన్పు ముందర ఆగింది. వంగి వాసన చూసింది. నగరం ఆయన ముఖం మాడిపోయింది.

"ఇదేంటి?" అని అడిగింది.

"చుట్టాలొస్తే వాకిట్లో ఇట్లా చేస్తాం" అన్నాను. ఇంకేం చెప్పాలి?

ఆమె నవ్వలేదు, మురిసిపోనూ లేదు. గోలుకు ఏదీ వేలాడదీయకూడదు, నిబంధన. గడ్డి కడగాలి, లేకపోతే గోల్‌కీపర్ జారి పడుతుంది. అంతే చెప్పి ముందుకు నడిచింది. గడ్డి మీద నీళ్లు పోయించి ఎంత సేపటికి ఇంకుతాయో చూసింది. గదులు చూసింది, నా గడియలు వేసి తీసి చూసింది. దవాఖాన ఎంత దూరమో అడిగింది. అన్నిటికీ తలూపింది. నాకు ప్రాణం లేచొస్తుండగా, ఖాళీగా ఉన్న అవతలి మెట్ల వైపు చెయ్యి చూపించి అసలు మాట అడిగింది.

"ఆటను చిన్న ఊళ్లకు పంపొద్దని మాలో కొందరు అంటున్నారు. అమ్మాయిల మ్యాచ్, పైగా ఎవరో రెండు దేశాలు. టీవీలో ఖాళీ మెట్లు కనబడితే మా పరువు పోతుంది. చెప్పండి, ఇక్కడ ఎవరు వస్తారు?"

మా పిల్లల మ్యాచ్‌లకు ఎంతమంది వస్తారో నాకు తెలియదా? చాయ్ అమ్మేతను, నేను, తోవ తప్పిన కుక్క. అబద్ధం ఆడదామనుకున్నాను, నాలుక తిరగలేదు. "ముందు మా పిల్లల ఆట చూడండి" అని విజిల్ ఊదాను.

గోలుకు తోరణం తీసేసి, ముగ్గు మీద నీళ్లు కొట్టి, పిల్లలను రెండు జట్లు చేసి ఆడించాను. నేను కసిరిన కసురుకు పాపం అందరూ మెట్ల మీద ముడుచుకుని ఉన్నారు. అప్పుడు దౌల్తాబాద్ పిల్ల ఒకతి బంతి తీసుకుని దూసుకుపోయింది. వాళ్లమ్మ ఒక్కసారిగా లేచి, "ఉరుకు బిడ్డా! ఉరుకవే! గా పిల్లకు దొరకకు!" అని కేకేసింది. గా పిల్ల తల్లి పక్కనే ఉంది. "మా పిల్లేం తక్కువనా? గుంజుకోవే దాన్ని!" అని ఆమె లేచింది. ఇక చూడండి లొల్లి! మా అవ్వ చప్పట్లు అందుకుంది. బతుకమ్మ ఆడేటప్పుడు కొట్టినట్టు, అందరి చేతులూ ఒక్కసారి కలిసే చప్పట్లు. రోడ్డు మీద కూరగాయల గంపతో పోతున్న ఆమె ఆగింది, గంప దించి మెట్లెక్కింది. వాకింగ్‌కు వచ్చిన సార్లు నిలబడిపోయారు. బీడీ కార్ఖానాకు పోయే ఆడవాళ్లు ఆకుల సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎండ ఎక్కేసరికి ఈ పక్క మెట్లు నిండి, జనం ఆ పక్క మెట్ల మీదికి పోతున్నారు.

పరదేశి మేడం ఆట చూడడం మానేసి మెట్లనే చూస్తోంది. ఆమె నగరం ఆయనతో ఏదో అంది. ఆయన నా దగ్గరికి వచ్చి, "వీళ్లను మీరు ముందే పిలిపించారా అంటున్నారు" అన్నాడు.

"నేనా? పొద్దుగాల నుంచి వెళ్లగొడుతున్న సార్! పోతలేరు!" అన్నాను.

ఆయన ఆ మాట చెప్పగానే ఆమె మొదటిసారి పళ్లు కనబడేలా నవ్వింది.

నెల తిరిగేలోపు ఫోనొచ్చింది. ఒక మ్యాచ్ మాకిచ్చారు. ఒక్కటే! ఒక్కటైతే ఏం, దేశాలవే కదా. బడి వరండాలో నేను వేసిన కేకకు ఏడో తరగతి అంతా బయటికి వచ్చింది. ఇంటికి పోయి మా అవ్వను పట్టుకుని గిర్రున తిప్పాను. "ఇడువే, నడుం వడ్తది" అని తిట్టింది గానీ, ముఖం వెలిగిపోతోంది. "మరి సాన్పు జల్లితే ఒర్రితివి గద?" అని ఆ రోజు నుంచి ఈ రోజు దాకా దెప్పుతూనే ఉంది. దెప్పనీ, ఆమెకు హక్కుంది.

సిమెంటు మెట్ల మీద కుర్చీలు బిగించే పని మొదలైంది. బాపు రోజూ పోయి, చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాడు. ఎవరూ చూడనప్పుడు ఒక్కో కుర్చీని ఊపేవాడు. ఒకరోజు నేను పక్కన ఉండగానే పనిచేయించే మేస్త్రి, "ఓ పెద్దమనిషీ, కూసోకు! కవర్లు తియ్యలే ఇంక" అని అరిచాడు. నాకు ఒళ్లు మండిపోయింది, అతని మీదికి పోబోయాను. బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఊకో బిడ్డా. గాయిన పని గాయినది. మ్యాచ్ నాడు కూసుంట" అన్నాడు.

మ్యాచ్ నాడు గేటుకు తోరణం కట్టాం. గేటుకు కట్టొద్దని ఏ నిబంధనా లేదు, నేను ముందే కనుక్కున్నాను. వచ్చింది కొండల దేశం పిల్లలు, దీవుల దేశం పిల్లలు. గేటు దాటుతూ వాళ్లు తోరణం వైపు తలలెత్తి చూశారు. మెట్లు నిండిపోయి, కుర్చీలు దొరకనివాళ్లు గోడలెక్కారు. ఒక్క దేశం పేరు కూడా సరిగ్గా పలకడం రాని మా ఆడవాళ్లు రెండు వైపులా సమానంగా చప్పట్లు కొట్టారు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. బోల్టు తడిమి చూశాడు. మెల్లగా కూర్చుని, వీపు వెనక్కి ఆనించి, కాళ్లు చాపాడు.

రెండో సగంలో కొండల పిల్ల ఒకతి దూరం నుంచి కొట్టింది. బంతి నేరుగా లోపలికి పోయింది. గ్రౌండంతా లేచింది. నేను లేచాను, అవ్వ లేచింది, ఆనాడు నన్ను చూసి నవ్విన కమిటీ పెద్దాయన కుర్చీ మీదికే ఎక్కాడు. ముందున్న జనం వీపులు తప్ప బాపుకు ఏమీ కనబడదు.

"బాపూ, లే! గోల్ పడ్డది! లే బాపూ!" అని భుజం పట్టుకుని గుంజాను.

బాపు కదల్లేదు. కుర్చీ రెండు అంచులూ గట్టిగా పట్టుకుని, కళ్లనిండా నీళ్లతో, ముఖమంతా నవ్వుతో నావైపు చూశాడు.

"నేను లెవ్వ బిడ్డా" అన్నాడు. "నిలవడ్డది సాలు. నన్ను కూసోనియ్యి."