అప్ప వదిలేసిన బొట్టు

మొన్న శ్రీకాకుళంలో చీరల కొట్టుకి వెళ్తే, గోడమీది టీవీలో మా అప్ప వానపాటలో తడుస్తోంది. మా వైపు అక్కని అప్ప అంటాం. చీరలు చూపిస్తున్నాయన నా సంగతి మరిచిపోయి, "సూడండమ్మా ఆ కళ్ళు. సివరికి రాణీగోరు అయిపోనారు" అన్నాడు. ఆవిడ నా తోడబుట్టిందని నేను చెప్పలేదు. చెబితే నా మొహంలో పోలికలు వెతుకుతారు, దొరక్క జాలిపడతారు. చీర నచ్చలేదని లేచి వచ్చేశాను. నిజానికి నచ్చింది.

మాది కళింగపట్నం. నాన్న సముద్రం మీద వేటకెళ్తే అమ్మా, మేమిద్దరం ఇసుకలో చేపలు ఎండబెట్టేవాళ్ళం. వాటి మీద వాలే కాకుల్ని కర్ర పట్టుకుని తోలడం మాకు వంతులవారీ పని. తీరంలో షూటింగుకి వచ్చిన సినిమావాళ్ళు, ఊరి అమ్మాయి వేషానికి ఎవరైనా కావాలన్నారని తెలిసిన రోజు వంతు నాది. దాన్ని అప్పకి అంటగట్టి, శనగపిండితో ఒళ్ళు తోముకుని, అమ్మ పెళ్ళిచీర కట్టుకుని, పౌడరు దట్టించుకుని వెళ్ళాను. చేపల వాసనొస్తే సినిమాలోకి తీసుకోరని నా తెలివి. డైరెక్టరు నన్ను పేరంటానికొచ్చినదాన్ని చూసినట్టు చూసి, నా భుజం మీదుగా, జుట్టు రేగిపోయి కాకుల్ని తిడుతున్న అప్పని చూశాడు. ఆవిడ మద్రాసు వెళ్ళింది, హైదరాబాదు వెళ్ళింది, సినిమాకొక పేరు పెట్టుకుంది. ఒరిస్సా సరిహద్దులో కోట ఉన్న రాజావారి అబ్బాయిని చేసుకుని ఇంకో పేరు పెట్టించుకుంది. నేను సాలూరులో పంతులమ్మనై, లారీ హారన్ల మధ్య ఎక్కాలు చెప్పాను. పెళ్ళిచూపుల్లో మా ఆయన మొదట అడిగింది కూడా అప్ప గురించే. ఆవిడ సినిమా ఆడలేదని తెలిసిన రోజు మా ఇంట్లో పాయసం ఉండేది. ఇవాళేం పండగని అడిగితే, పాలు మిగిలాయనేదాన్ని.

నాకంటూ ఒక్క గౌరవం దక్కింది. మా వాళ్ళు కొత్త పడవని నీళ్ళలోకి దించేటప్పుడు ఇంటి ఆడపడుచే దాని ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టాలి. ఊరి పెద్ద సముద్రం వైపు తిరిగి, ఆమెకి పుట్టినప్పుడు పెట్టిన పేరు గంగమ్మకి వినపడేలా చెప్పాలి. ఆ పేరు విన్నాక పుట్టింటి పడవని గంగమ్మ కనిపెట్టుకుని ఉంటుందని నమ్మకం. పెద్ద ఆడపడుచు అప్పే అయినా ఏనాడూ రాలేదు కనుక, నాన్న తర్వాత వేట అందుకున్న మా తమ్ముడి పడవలన్నిటికీ నేనే బొట్టు పెట్టాను. కిందటేడు తమ్ముడు మళ్ళీ పడవ కొని, అప్ప వస్తానందని సంబరంగా ఫోన్ చేశాడు. పెద్దప్ప వస్తే బొట్టు తనే పెట్టాలి కదా అన్నాడు. సినిమాలూ, కోటా అన్నీ ఆవిడే ఉంచుకోనీ, ఈ ఒక్క బొట్టూ నాకు ఉంటే చాలనుకున్నాను.

అప్ప పెద్ద కారులో దిగింది. వెనక గొడుగు పట్టే మనిషి, కోటవాళ్ళ బంధువులు ఇద్దరు. ఆ వయసులో, ఆ ఇసుకలో నడిచినా చీర కుచ్చిళ్ళు చెదరలేదు. అది చూసి ఇంకా మండింది నాకు. పసుపు పళ్ళెం పట్టుకుని పడవ ముందు నిలబడింది. ఊరి పెద్ద మాకు వరసకి మావ. ఆయన సముద్రం వైపు తిరిగి నోరు తెరిచినవాడల్లా అప్ప వైపు తిరిగాడు. అప్ప చిన్నప్పటి పేరు మరీ ముతక పేరు, మా వీధిలో మేకలకి కూడా పెట్టుకునేవారు. కోటవాళ్ళ ఎదుట రాణీగారిని ఆ పేరుతో ఎలా పిలుస్తాడు? పోనీ రాణీ పేరు చెబుదామంటే అది గంగమ్మ ఎరగదు. ఏ పేరు చెప్పమంటావని మెల్లగా అడిగాడు. అప్ప కోటవాళ్ళ వైపు ఒకసారి చూసి, పళ్ళెం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"సెల్లి పేరు సెప్పు మావా. గంగమ్మకి అలవాటైంది అదే."

పసుపు రాశాను, బొట్టు పెట్టాను, మావ నా పేరు గట్టిగా చెప్పాడు. గెలిచాననుకుని వెనక్కి తిరిగితే, జనమంతా అప్ప చుట్టూ ఉన్నారు. ఎంత మంచి మనసో, చెల్లెలికి ఇచ్చేసింది అంటున్నారు. ఫోన్లన్నీ అటే. బొట్టు పెట్టిన ఫొటో ఒకటే ఉంది, అందులో నా మోచెయ్యే పడింది. వదులుకుని కూడా నెగ్గే మనిషితో ఏం చెయ్యగలం?

కారెక్కే ముందు అప్ప నన్ను పక్కకి పిలిచింది. గొడుగు మనిషిని దూరంగా ఉండమంది.

"ఒకపాలి నన్ను పేరెట్టి పిలవే. అమ్మ పోయినకాడ్నించి ఎవులూ పిలవనేదు."

చెల్లెలు అప్పని పేరు పెట్టి పిలవకూడదు. పైగా, ఆవిడ దగ్గర లేనిదీ, నా దగ్గర ఉన్నదీ ఒకటి జీవితంలో మొదటిసారి కనబడింది, దాన్ని అంత తేలిగ్గా ఇవ్వబుద్ధి కాలేదు. అయినా పిలిచాను. "ఏటే" అని పలికింది అప్ప, కళ్ళు తుడుచుకుంది. తుడుచుకోవడం కూడా అందంగానే తుడుచుకుంది.

నా కుళ్ళు తగ్గలేదు, తగ్గుతుందన్న ఆశా లేదు. వయసు పైబడేకొద్దీ మన చిన్నప్పటి పేరు ఎరిగినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. ఆఖరికి ఆ పేరు పెట్టి పిలవడానికి మిగిలేది, జన్మంతా మనని చూసి కుళ్ళుకున్న మనిషే కావచ్చు.