కడేసి మాదప్ప, కొత్త బాలు

మా మాదప్పను హోసూరులో అందరూ కడేసి మాదప్ప అనే పిలిచేవాళ్ళు, కడేసి అంటే చివరివాడని. పనిలో మాత్రం ఆయప్ప యాడా కడేసి కాదు. కొలిమి పెట్టుకుని బండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించేవాడు, ఆదివారమొస్తే మాతో క్రికెట్టు ఆడేవాడు. బౌలింగుకు అందరూ అయినాక చివర్లో పిలిచేది కాబట్టి ఆ పేరు.

నేను లింగప్పను. బస్టాండు పక్కన కాఫీ హోటలు నాది, టీములో వికెట్ కీపరును. నా నోటికి అడ్డూ ఆపూ లేదని నా పెండ్లామే అంటుంది. మా టీములో ఒక కట్టుబాటు ఉండేది. బాలు ఎవరు కొంటే మొదటి ఓవరు వాళ్ళది. బెంగళూరు నుంచి బాలు కొని తెచ్చేది బట్టలంగడి శ్రీరంగప్ప. కొత్త బాలు పిచ్ మీద పరిచిన కొబ్బరినార చాప మీద పడి ఎటు తిరిగేదో బ్యాటు పట్టినవానికి తెలిసేది కాదు. వికెట్లన్నీ ఆయనవే. సాయంత్రానికి బాలు తోలు లేచిపోయి, అవతలివాళ్ళు బాగా కుదురుకున్నాక, "ఏయ్ కడేసీ, రా" అని మాదప్పను పిలిచేవాళ్ళు.

ఒక్కసారి కొత్త బాలు వేయాలని ఆయప్పకు ఎంత ఆశో. ఆట మొదలు కాకముందు శ్రీరంగప్ప దగ్గర అడిగి తీసుకుని, చొక్కాకు రుద్ది, వాసన చూసి, మళ్ళీ ఇచ్చేసేవాడు.

యాభై ఎనిమిదిలో సేలం జిల్లా టీముకు మా తాలూకా నుంచి ఒక బౌలరును తీసుకుంటామన్నారు. ఎంచేది కృష్ణగిరి వకీలు శ్రీనివాసప్ప.

"ఆడ బాలు కొనేది జిల్లా సంఘం. ఏ బట్టలంగడివాడూ నీకు అడ్డం రాడు," అన్నాను మాదప్పతో.

ఆయప్ప రోజంతా నవ్వుతానే ఉన్నాడు. ఆయప్పకు ముప్పై అయిదేండ్లు దాటినాయి, మళ్ళీ అడిగేవాళ్ళు ఉండరని ఇద్దరికీ తెలుసు.

వకీలు మా హోటలుకే వచ్చి, జిల్లా మ్యాచుల స్కోర్లన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. "జిల్లా బౌలర్ల సగటు వికెట్టుకు ఇరవై పరుగులు. మీ శ్రీరంగప్పది పద్నాలుగు. మాదప్పది ఇరవై ఆరు. ఇంక మాట్లాడేకి ఏముందప్పా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏం లెక్క సామీ ఇది? పెనం కాగినప్పుడు దోసె పోసినవాణ్ణీ, పొయ్యి చల్లారినాక పోసినవాణ్ణీ ఒకే తక్కెట్లో పెడతారా? పాత బాలుతో మిగతావాళ్ళు ఎన్ని పరుగులిచ్చినారో అది చూడండి."

వకీలు మంచివాడు, కోపం చేసుకోలేదు. ఆటలో టీ విరామం అయినాక, పాతబడిన బాలుతో వేసిన ఓవర్లు మాత్రం విడదీసి, మధ్యాహ్నమంతా కూడతా, భాగిస్తా కూర్చున్నాడు. పాత బాలుతో జిల్లా సగటు నలభై దాటింది. శ్రీరంగప్పది యాభై అయింది. మాదప్పది అదే ఇరవై ఆరు, ఆయప్ప వేసిందంతా పాత బాలే గదా.

"ఈ మనిషినా మీరు కడేసి అనేది?" అని మాదప్ప పేరే రాసుకున్నాడు వకీలు. నేను బట్టలంగడి ముందర నుంచి కావాలనే రెండుసార్లు ఈల వేసుకుంటా పోయినాను.

మాదప్ప సేలం పోయి ఆడి వచ్చిన రోజు, బస్సు దిగుతానే పట్టుకున్నాను. "కొత్త బాలు ఇచ్చినారా?"

"లేదప్పా. నోరు తెరిచి అడిగినాను కూడా. జిల్లా టీము కెప్టెను, మన వకీలు రాసి పంపిన లెక్క చూపించినాడు. పాత బాలుకు నీ అంత మొనగాడు జిల్లాలోనే లేడంట, నిన్ను ముందే వాడేసి చివర్లో ఎవరిని పిలిచేది అన్నాడు."

పోట్లాడి ఆ లెక్క తీయించింది నేనే గదా. సిగ్గయింది, బాధయింది. "గెలిచినారా?" అని మాత్రం అడిగినాను.

"గెలిచినాము. చివర్లో నాలుగు వికెట్లు తీసినాను. వచ్చే నెలా రమ్మన్నారు." సంచి భుజానికి వేసుకున్నాడు. "నీ లెక్కలో తప్పేమీ లేదు లింగప్పా. అందుకే ఇంక నాకు కొత్త బాలు ఎవరూ ఇయ్యరు," అని కొలిమి దిక్కు పోయినాడు.