మెడ తిప్పి ఆడిన లింగన్న

శుక్రవారం ఉదయం సౌదీలోని తబూక్‌లో మా క్యాంపు వెనక మైదానం నుంచి బ్యాటు చప్పుడు వినబడితే చేతిలో చాయ్ అక్కడే పెట్టేస్తాను. ఠక్కున పొడిగా వస్తే బంతి నేలబారుగా దూసుకొస్తున్నట్టు, బొంగురుగా వస్తే గాల్లోకి లేచినట్టు. ఇలా చూడకుండానే తెలుసుకోవడం నాకు లింగన్న నేర్పాడు. ఆ విద్య ఆయనకెందుకు అబ్బిందో మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

లింగన్నది ఆర్మూర్ దిక్కు. బడిలో సాఫ్ట్‌బాల్ ఆడి పెరిగినవాడు. తాపీపనికి సౌదీ వచ్చి, ఇక్కడ ఫిలిప్పీన్స్ వాళ్లు ఆడే బేస్‌బాల్‌లో చేరాడు. కొన్ని కంపెనీలకు జట్ల పిచ్చి. బాగా ఆడేవాణ్ణి పని పేరు చెప్పి తమ కిందికి తెచ్చుకునేవి. ఇఖామా అనే నివాస కార్డులో మేస్త్రీ, మైదానంలో ఆటగాడు. అలా లింగన్న ఉనైజా, హాయిల్, దమ్మామ్, జిద్దా తిరిగి మా కంపెనీకి చేరాడు. పేరుమోసిన ఆటగాడేమీ కాదు. బంతి ఆపడానికి రెండో బేసు దగ్గర ఖాళీ ఉంటే అక్కడ, మూడో బేసు దగ్గర ఉంటే అక్కడ నిలబడేవాడు. ఎక్కడా రెండేళ్లు దాటి ఉండలేదు. మంచి జట్టు పిలిస్తే పోతాడు కాబోలు అనుకునేవాళ్లం.

నేను ఆఫీసులో గుమాస్తాను, జగిత్యాల వాణ్ణి, జట్టులో అందరికంటే అధ్వాన్నపు ఆటగాణ్ణి. లింగన్న నా వెనక నిలబడి కళ్లు మూసుకోమనేవాడు. "బంతి కోసం దేవులాడకు. ముందుగాల చప్పుడు ఇను, కాళ్లు అవే పోతయ్" అనేవాడు. బంతి వచ్చేటప్పుడు తను మెడ కాస్త ఎడమకు తిప్పి నిలబడేవాడు. ఫొటో దిగుతున్నావా అన్నా అని ఏడిపిస్తే నవ్వి ఊరుకునేవాడు. కొన్నాళ్లకు అదేదో గొప్ప పద్ధతి అనుకుని జట్టులో సగంమంది మెడలు తిప్పడం మొదలుపెట్టారు. నేనూ తిప్పాను.

నలభై దాటిన మనిషి ఎండలో ఇటుకలు పేర్చడం నాకు చూడబుద్ధి కాలేదు. ఇఖామాలో ఆయన పనిని డ్రైవరుగా మార్పిద్దామనుకున్నాను. "నాకు వద్దు తమ్మీ" అన్నాడు. మొహమాటమనుకున్నాను. మళ్లీ అడిగితే మళ్లీ వద్దన్నాడు. మేలు చేస్తున్నానన్న పొగరు నాది. మేనేజరుతో సంతకం పెట్టించి, లైసెన్సు కోసం కంటి పరీక్షకు నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. మేనేజరు చెప్పాక ఆయన కాదనలేకపోయాడు.

ఎడమ కన్ను మూస్తే గోడ మీది గుర్తులన్నీ టకటకా చెప్పాడు. తర్వాత కుడి కన్ను మూశారు. లింగన్న తల అటూ ఇటూ తిప్పాడు. అర్థం కాలేదేమోనని, పైన ఉన్న పెద్ద గుర్తయినా చెప్పమని నేనే పక్కనుంచి అందించాను.

"నాకు గోడే కనవడ్తలేదు తమ్మీ" అన్నాడు.

బయట బల్ల మీద కూర్చుని ఆయనే చెప్పాడు. హాయిల్‌లో కంకర నేల మీద బంతి ఎగిరి ఎడమ కంటికి తగిలిందట. ఆట కోసం పెట్టుకున్న కంపెనీ ఒంటికన్నువాణ్ణి ఉంచుకోదని ఎవరికీ చెప్పలేదట. ఆ తర్వాత ఏ జట్టుకైనా అనుమానం వచ్చేలోపే ఇంకో జట్టుకు మారిపోతూ వచ్చాడు. ఆరేళ్లు! తూటాల్లా వచ్చే ఆ బంతులన్నీ చప్పుడు విని, మెడ తిప్పి, కుడి కన్నొక్కదానితోనే పట్టాడన్నమాట.

కంటి పరీక్ష కాగితం దాచేస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు. "దాస్తే నీ కొలువు గూడ పోతది" అన్నాడు. నెల తిరక్కుండా కంపెనీ ఆయనకు, ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపేసే ఫైనల్ ఎగ్జిట్ కొట్టింది. ఆ కాగితాలు నింపింది కూడా నేనే.

విమానాశ్రయానికి బండి ఎక్కే ముందు, క్షమించమని ఏదో గొణిగాను. ఆయన గొంతులో కోపం లేదు. "నీకు బంతి చప్పుడు ఇనుడు నేర్పిన. మనిషి మాట ఇనుడు నేర్పకపోతి" అన్నాడు.

ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా వద్దంటే కలం కింద పెట్టి, ఎందుకని అడుగుతాను. మైదానంలో కొత్తగా చేరినవాళ్లు కూడా బంతి వచ్చేటప్పుడు మెడ ఎడమకు తిప్పే నిలబడుతున్నారు. ఆ పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే చెప్పడానికి నాకింకా నోరు రావడం లేదు.