మావయ్య నోటికి పట్టే కీమా

మా మావయ్య నోరు అప్పటికి పదకొండు ఐస్‌ఫ్రూట్ పుల్లల మేర తెరుచుకునేది. ఎగతాళి కాదు, అది కొలత. నోటి క్యాన్సర్‌కి ఆపరేషను చేసి ఆపైన రేడియేషను కరెంటు పెడితే దవడలు బిగుసుకుపోతాయట. పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకోమని, వీలైనప్పుడల్లా ఒకటి పెంచుకుంటూ పొమ్మని ఆసుపత్రిలో చెప్పారు. దివిసీమ మొత్తంలో ఐస్‌ఫ్రూట్ తినకుండా పుల్లలు మాత్రమే కొనుక్కునే మనిషి ఆయనొక్కడే అయ్యుంటాడు.

నోరు తెరుచుకోకపోవడం చిన్న కష్టం. తెరుచుకున్న నోట్లోకి ఏది వెళ్లినా మండటం పెద్ద కష్టం. చారు మండుతుంది. బత్తాయిరసం మండుతుంది. పళ్లు తోముకునే పేస్టు కూడా మండుతుంది. పైగా ఉమ్మి ఊరదు కనుక అన్నం మెతుకు అంగిట్లో ఎన్నికల పోస్టరులా అతుక్కుని కూర్చుంటుంది. ముక్కులోంచి తిండి పోసే గొట్టం తీసేసి నెల అయింది. ఆ నెల రోజులూ రాగిజావ, పాలన్నం. నాలుగు కిలోలు తగ్గాడు. ఎనిమిది రోజుల్లో, అంటే పై సోమవారం, మళ్లీ తూస్తారు. ఇంకా తగ్గితే గొట్టం మళ్లీ పెడతామన్నారు. పెట్టించుకోనని మావయ్య అన్నాడు. ఎలా పెట్టించుకోవో చూస్తానని అత్త అంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో వాళ్లిద్దరూ ఇంత నెమ్మదిగా పోట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు. అదే నన్ను భయపెట్టింది.

నేను బెజవాడలో ఒక హోటలు వంటగదిలో ఇటలీ సెక్షనులో పని చేస్తాను. సెక్షను అంటే ఒక పొయ్యి, నేను. అక్కడ నేర్చుకున్న వాటిలో ఒకే ఒక్క మాంసం వంటకానికి కారం అక్కర్లేదు, మసాలా అక్కర్లేదు. నాలుగు గంటలు సన్నటి మంట మీద ఉడికితే కీమా వెన్నలా అయిపోతుంది. జారుగా ఉండే పాస్తాతో కలిపితే ఉమ్మి లేని నోట్లో కూడా దానంతటది దిగిపోతుంది. మెనూలో దానికి పొడుగాటి పేరుంది. మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకరు కనుక కీమా పాస్తా అన్నాను. ఒక గిన్నెడు కూర తింటే కిలోలు పెరగవని నాకు తెలుసు, ఇంటర్ దాకా చదువుకున్నాను. కానీ మనిషి మళ్లీ తినడం మొదలుపెట్టాలంటే ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా. రెండు రోజులు సెలవు తీసుకుని శనివారం రాత్రికి బందరులో మా ఇంటికి చేరాను.

ఆదివారం పొద్దున్నే బందరు మార్కెట్లో మాకు ఎప్పుడూ మాంసం కొట్టే భాయ్ దగ్గరికి వెళ్లి, భుజం మాంసం కిలో, కొంచెం కొవ్వుతో, మిషనులో కాకుండా కత్తితో సన్నగా కొట్టమన్నాను. కబాబులకా అని అడిగాడు. కాదు, పాలు పోసి నాలుగు గంటలు ఉడికిస్తానని చెప్పాను. ఆయన చేతిలో కత్తి ఆగింది. నా మొహంలోకి చూసి, సరే సరే అంటూ కొట్టడం పూర్తి చేసి, అడక్కుండానే రెండు ఎముకలు కూడా వేసి కట్టాడు. పిచ్చివాళ్లకి ఎదురు చెప్పకూడదని ఎవరో నేర్పినట్టున్నారు.

చల్లపల్లి మీదుగా మోపిదేవి బస్సెక్కాను. దిగి ఆటోలో మావయ్య వాళ్ల ఊరికి చేరేసరికి తొమ్మిదైంది. ఇంట్లో అత్త, మావయ్య, అమ్మమ్మ ముగ్గురే. వచ్చీరాగానే వంటగది నాదని ప్రకటించాను. కారం డబ్బా, ఎండుమిర్చి, మిరియాలు, గరం మసాలా, అల్లంవెల్లుల్లి ముద్ద అన్నీ ఒక బుట్టలో వేసి వంటగదిలోని బీరువా మీద పెట్టాను. కీమాలో సగం మాత్రమే ఈ గిన్నెలోకి, మిగతా సగం ఫ్రిజ్‌లో ఉంటుంది, రాత్రికి మీ ఇద్దరికీ మీ ఇష్టం వచ్చినంత ఘాటుగా వేపి పెడతాను అని అత్తతో, అమ్మమ్మతో ఒప్పందం చేసుకున్నాను. అది లంచమని అమ్మమ్మకి అర్థమైంది. పుచ్చుకుంది.

వెన్నలో ఉల్లిపాయ, క్యారెట్ సన్నగా తరిగి మగ్గించాను. మూడోదొకటి పడాలి, ఆకుకూర కాడలాంటిది. అది అవనిగడ్డలో కూడా దొరకదు. లేకపోయినా ఇటలీవాళ్లు ఇక్కడికి తనిఖీకి రారు. కీమా వేసి తడి ఇంకేదాకా వేపి, పాలు పోశాను. అప్పుడు మొదలైంది. పాలూ మాంసమూ కలిస్తే ఒంటికి బొల్లి వస్తుందని అమ్మమ్మ. అది చేపలకి కదా అని అత్త. దేనికైతేనేం, నా కొడుక్కి ఇప్పటికి వచ్చింది చాలదా అని అమ్మమ్మ. ఆ దేశంలో నాలుగువందల ఏళ్లుగా ఇలాగే తింటున్నారని నేను నోటికొచ్చిన లెక్క చెప్పాను. వాళ్లు పుట్టడమే తెల్లగా పుడతారు, వాళ్లకి బొల్లి వస్తే మాత్రం ఎవరికి తెలుస్తుంది అంది అమ్మమ్మ.

పాలు ఇంకాక ఎముకలు ఉడికించిన నీళ్లు, గింజలు తీసిన రెండు టమాటాలు. పులుపు తగలకూడదు కనుక రెండే. మంట తగ్గించి మూత పెట్టాను.

నాలుగు గంటలు ఒక గిన్నె పొయ్యి మీద ఉండటం మా జిల్లాలో ప్రమాదకరమైన విషయం. మా ఇళ్లల్లో పొయ్యి మీదున్న గిన్నె అందరిదీ. దారిన పోయే ప్రతివాళ్లూ మూత తీస్తారు, వాసన చూస్తారు, ఒకటి తక్కువైందంటారు, అది వేసి వెళ్తారు. అలాగే వంటలు రుచిగా అవుతాయని వాళ్ల నమ్మకం. మొదటి గంటలో అత్తని రెండుసార్లు చేతిలో ఉప్పు ఉండగా పట్టుకున్నాను. పాలు అడగడానికి వచ్చిన పక్కింటి పిన్నిగారు అయ్యో పాపం, పథ్యం కూరా అంటూ కొంగులోంచి నాలుగు లవంగాలు తీసింది. కొంగులో లవంగాలు ఎందుకో గానీ, గిన్నెకి అడ్డంగా నిలబడ్డాను. గిన్నె అడుగంటుతోందని గంటకోసారి మంట సరిచేశాను. సిమ్‌లో పెట్టినా గ్యాసు పొయ్యికి అంత ఓపిక లేదు.

పన్నెండింటికి పిండి పని పట్టాను. మైదా మధ్యలో గుంట చేసి బాతు గుడ్లు కొట్టాను. కోతలయ్యాక పొలాల్లో వరిగింజలు ఏరుకు తిన్న బాతులవి. పచ్చసొన నారింజరంగులో ఉంది. కలిపి, ఒత్తి, గుడ్డ కప్పి, కాసేపు ఆగి, వసారాలో బల్ల మీద అప్పడాల కర్రతో చదును చేయడం మొదలుపెట్టాను. కింద కాగితం పెడితే అక్షరాలు కనిపించేంత పల్చన కావాలి. అక్కణ్ణించి వంటగది గుమ్మం కనిపిస్తుంది. ఆడవాళ్లిద్దరూ నా కళ్ల ముందే ఉన్నారు. అందుకే ధైర్యంగా పని చేసుకున్నాను.

ఒంటిగంటకి వెళ్లి చెంచాతో రుచి చూశాను. కారం. కొంచెం కాదు. నా నాలికకే చురుక్కుమంది.

గొంతు పెంచకుండా ఇద్దరినీ పిలిచి నిలబెట్టాను. అత్త మోపిదేవి స్వామి మీద ఒట్టేసింది. అమ్మమ్మ స్వామి మీద, చనిపోయిన తాతయ్య మీద, ఈనబోతున్న గేదె మీద వరసగా వేసింది. గేదె మీద ఒట్టేసిందంటే నమ్మాల్సిందే. బీరువా మీద బుట్ట ఉన్నచోటే ఉంది. కాకపోతే డబ్బా మూత వదులుగా ఉంది.

అప్పుడు లోపలి గదిలోంచి మావయ్య అన్నాడు.

"వాళ్లని వదిలెయ్యరా. నేనే వేశాను."

వెళ్లి చూస్తే మంచం మీద కూర్చుని నోట్లో ఐసు ముక్క పెట్టుకుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పెరటి గుమ్మంలోంచి వంటగదిలోకి వెళ్లి, వేసి, కలిపి, ఒక చెంచా తిని వచ్చాడట.

"ఎంత వేశావ్?"

"రెండు వేళ్లతో."

"నీ రెండు వేళ్లంటే మా గరిటె."

ఆయన నవ్వబోయి, నొప్పి పుట్టి మానేశాడు. ఐసు ముక్క ఇటునుంచి అటు మార్చుకున్నాడు.

"పడుతుందేమో చూద్దామనుకున్నాన్రా అల్లుడూ. మీ అత్త ఆరు నెలల్నుంచి నా మూలంగా చప్పిడి మెతుకులే తింటోంది. నాకు తెలీకుండా వెళ్లి ఆవకాయ తినమంటే తినదు. నేను తినేస్తే తనూ తింటుంది కదా."

"పట్టిందా?"

"చచ్చాను."

గుమ్మంలో అత్త కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇంకో నిమిషం ఆగితే ముగ్గురూ ఏడుస్తారని నాకు అర్థమైంది. అమ్మమ్మ మొదలుపెడితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఏడుపుకి సమయం లేదు, ఒంటిగంట దాటింది. నాలుగు గంటలు ఉడకాలి. నేను లెక్క చెప్పాను. కారం పడిన గిన్నె ఇక మీ ఇద్దరిదీ, రాత్రికి అన్నంలో కలుపుకోండి. ఫ్రిజ్‌లో ఉన్న అరకిలో ఇప్పుడు మావయ్యది. మళ్లీ మొదట్నుంచి. మావయ్య వద్దులేరా, ఇంకెప్పుడైనా చూద్దాం అన్నాడు. సోమవారం ఇంకెప్పుడైనా రాదు, పై సోమవారమే వస్తుంది అన్నాను.

మళ్లీ ఉల్లిపాయలు తరుగుతుంటే అమ్మమ్మ వచ్చి, ఆ గ్యాసు పొయ్యి తొందరగాళ్ల పొయ్యి, దాని మీద పెట్టకు, నాతో రా అంది. పెరట్లో అమ్మమ్మకి దాలి ఉంది. పిడకల నిప్పు మీద పొద్దున్నించి సాయంత్రం దాకా పాలకుండ కాగే గుంట అది. పాలు పొంగవు, మాడవు, ఎర్రగా మీగడ కడతాయి. ఇటలీ వాళ్లకి కావలసింది సరిగ్గా ఆ మంటే. నేను గిన్నె తెస్తానన్నాను. దాలి మీద మాంసం పెడితే కాళ్లు విరగ్గొడతానంది. పక్కనే మూడు ఇటుకలు పేర్చి, దాలిలోంచి రెండు నిప్పులు తీసి, కొత్త పిడకలు పేర్చి, పైన ఊక చల్లి వేరే పొయ్యి చేసింది. గిన్నె దాని మీద తనే పెట్టింది. పాలు మాత్రం నన్నే పోయమని మొహం అటు తిప్పుకుంది.

తర్వాత పీట వేసుకుని కూర్చుని ఒక మాట చెప్పింది. ఆ ఊళ్లో అందరికీ తెలిసిన మాటేనట, నాకే తెలియదు. పిడకల పొయ్యి మీద ఉన్న దాని మూత, నిప్పు పెట్టిన వాళ్లు తప్ప ఇంకెవరూ తీయకూడదు. ఎందుకని అడిగితే, ఎందుకేమిట్రా, తీయకూడదు అంతే అంది. పొద్దున్నించి నేను బీరువాలు, బుట్టలు, లంచాలు వాడి సాధించలేనిది ఆవిడ ఒక్క వాక్యంతో తేల్చేసింది. మళ్లీ వచ్చిన పక్కింటి పిన్నిగారు గిన్నెకి నాలుగడుగుల దూరంలో ఆగిపోయి, వాసన బాగుందండీ అని చెప్పి వెళ్లిపోయింది. అరగంటకోసారి అమ్మమ్మ మూత తీసేది, నేను కలిపేవాణ్ణి, మళ్లీ పెట్టేది. నేనే వండుతున్నానన్న భ్రమ నాకు మిగిల్చింది.

ఈలోగా వసారాలో పిండి రేకులు సముద్రపు గాలికి చెమ్మగిల్లి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ముద్ద చేసి మళ్లీ ఒత్తాను. హోటల్లో వేలి వెడల్పున కోస్తాం. పదకొండు పుల్లల నోటికి అది పట్టదు. పుల్ల వెడల్పులో సగానికి కోశాను, పొట్టిగా, చెంచాలో ఇమిడేలా. అత్త అడక్కుండానే వచ్చి మైదా చల్లుతూ విడదీసింది.

సాయంత్రం ఆరింటికి అమ్మమ్మ అయిందంది. కీమా గింజ గింజగా లేదు, నలిగి వెన్నలో కరిగిపోయినట్టుంది. పాస్తా మెత్తగా ఉడికించి, దాన్లో కలిపి, ఉడికిన నీళ్లు రెండు గరిటెలు పోసి జారుగా చేశాను. ఆరనిచ్చి మావయ్య ముందు పెట్టాను. ఎవరూ ఆయన వంక చూడకూడదని ముందే చెప్పాను. ముగ్గురం గోడ మీదున్న క్యాలెండరు చూశాం. అమ్మమ్మ ఏకాదశి ఎప్పుడని కూడా అడిగింది.

చెంచా లోపలికి వెళ్లిన చప్పుడైంది. చాలాసేపు నమిలాడు. మింగాడు. గొట్టం తీసినప్పటి నుంచి ఏది పెట్టినా ఆయన నోటి నుంచి వచ్చిన మాట ఒకటే, మంట. మేమంతా దాని కోసమే కాచుకుని ఉన్నాం.

"చప్పగా ఉందిరా," అన్నాడు.

అత్త తిరిగి చూసింది. ఉప్పు తేనా అంది.

"ఏమీ తేకు. ఎవరూ ఏమీ వేయకండి దీంట్లో." ఇంకో చెంచా తీసుకున్నాడు. "వంట నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టిందా నీకు? ఇదేనా మీ హోటల్లో పెట్టేది? జనం వస్తున్నారా?"

వస్తున్నారన్నాను. పాపం అన్నాడు. తింటూనే ఉన్నాడు. ఆ పళ్లెం పూర్తవడానికి ముప్పావుగంట పట్టింది. మధ్యలో చల్లారిపోతే అత్త రెండుసార్లు వేడిచేసి తెచ్చింది. చివర్లో నాలుగు చెంచాలు మిగిల్చాడు. తినలేక కాదట, పొద్దున్నకి ఉంచమన్నాడు.

మర్నాడు బస్సెక్కేముందు అత్తకి పిండి కలపడం చూపించాను. నిప్పు సంగతి అమ్మమ్మ చూసుకుంటానంది. ఆ వారంలో రెండుసార్లు చేశారట. పాలు ఎప్పుడు పోయాలని అమ్మమ్మే ఫోను చేయించింది.

పై సోమవారం ఆసుపత్రిలో తూస్తే ఏకంగా కిలో పెరిగాడు. నర్సమ్మగారు అనుమానం వచ్చి జేబులు చూపించమన్నారు. రెండు ఫోన్లు, తాళాలగుత్తి, గోడ గడియారంలోంచి తీసిన బ్యాటరీలు దొరికాయి. అవన్నీ బల్ల మీద పెట్టించి మళ్లీ తూచారు. మూడు వందల గ్రాములు మిగిలింది. అది నిజం బరువు. డాక్టరుగారు దాన్ని చీటీలో రాసి, ఇప్పటికి గొట్టం వద్దు, మూడు వారాల తర్వాత రమ్మన్నారు.

ఆ సాయంత్రం అత్త ఫోను చేసి ఇదంతా చెప్పింది. జేబుల సంగతి చెబుతూ మావయ్యని తిట్టింది. అసలు గొంతుతో, గట్టిగా. వెనక నుంచి ఆయన కూడా ఏదో గట్టిగానే అంటున్నాడు.

"సరేగానీ అబ్బాయ్," అంది చివరికి, "ఆదివారం వస్తున్నావుగా, బాతు గుడ్లు ఎన్ని తీసి ఉంచమంటావ్?"