ఎవరూ లేరు

ఆమెను వీధుల్లో ప్రశ్నలక్క అంటారు. ఎదురుగా అనరు, గుమ్మం దాటాక అంటారు. పంతొమ్మిదేళ్లుగా ఆరోగ్య సర్వే కోసం ఇల్లిల్లూ తిరుగుతోంది. ఎన్ని జతల చెప్పులు అరిగాయో ఆమెకే తెలియదు గానీ, ఎక్కిన ప్రతి మెట్టూ మోకాళ్లకు గుర్తుంది.

దగ్గు, జ్వరం, నిద్ర వరకూ ఫారం సాఫీగానే సాగుతుంది. ముప్ఫై ఒకటో ప్రశ్న దగ్గరే బండి ఆగుతుంది. "గత ఏడాదిలో మీకున్న సంబంధాలు ఎన్ని?" ఏ మహానుభావుడు రాశాడో! ఒకావిడ మొహం వెలిగిపోయింది. "మా అమ్మాయికా? మూడొచ్చాయమ్మా, ఒక్కటీ కుదర్లేదు. మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" అంది. విడమరిచి చెప్పాక మంచినీళ్లు కూడా ఇవ్వకుండా సాగనంపింది.

మగవాళ్లయితే లెక్కకు వేళ్లు చాలనట్టు నవ్వుతారు. ఆడవాళ్లు నేల చూపులు చూస్తూ "ఒకరే" అంటారు. ఆ రెండు లెక్కలూ ఈ జన్మలో కలవవు. మరి ఈ మగవాళ్లంతా ఎవరితో తిరిగినట్టో అని మొదట్లో నవ్వుకునేది. ఇప్పుడు దానికీ ఓపిక లేదు.

ఫారంలో చివరి ప్రశ్న ఆమెకే. "అడిగేటప్పుడు గదిలో ఇంకెవరైనా ఉన్నారా?" ఉంటే ఆ ఫారం చెల్లదు, మళ్లీ వెళ్లాలి. ఒంటిగది ఇంట్లో అత్తగారిని ఎక్కడికి పొమ్మంటుంది? మండుటెండలోకా? అందుకే కళ్లు మూసుకుని "ఎవరూ లేరు" దగ్గర టిక్కు పెట్టేస్తుంది.

ఒక రోజు పైఅధికారి ఆఫీసుకు పిలిపించాడు. వయసులో ఆమె కంటే చాలా చిన్నవాడు. బల్ల మీద ఒక ఫారం ఉంది.

"ఈ ఫారంలో ఉన్న టైలరమ్మ మీకు ఒకరే అని చెప్పింది. సరిచూద్దామని నేను ఫోన్ చేస్తే ఇద్దరంది. అప్పుడు షాపులో ఒక్కతే ఉందట. ఏమిటిది మేడమ్?"

ప్రశ్నలక్కకు ఆ ఇల్లు కళ్లకు కట్టింది. అత్తగారు మంచం మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ముప్ఫై ఒకటో ప్రశ్న వినగానే ఆవిడ చేతులు ఆగిపోయాయి. కోడలు అత్తగారి వైపు ఒకసారి చూసి, "ఒకరే" అంది.

"గదిలో ఎవరూ లేరని మీరే రాశారు," అన్నాడు అధికారి. "అలాంటప్పుడు ఆమె మాటకే నిలకడ లేనట్టు. ఒకరికి మించి చెప్పినవాళ్లకు చేసే రక్తపరీక్షల జాబితాలోంచి ఆమె పేరు తీసేద్దాం, పిలవక్కర్లేదు. నిజంగా ఎవరూ లేరుగా?"

"లేరు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో ఉద్యోగం నిలబడుతుంది. ఇంకో రెండేళ్లు ఎలాగోలా ఈడ్చుకొస్తే చాలు. కానీ ధైర్యం చేసి నిజం చెప్పిన పాపానికి ఆ పిల్లకు పరీక్షలు లేకుండా పోతాయి. అబద్ధం రాసింది తను, మాట పడేది ఆమె. ప్రశ్నలక్కకు తన మీద తనకే రోత పుట్టింది.

పక్క బల్లల మీద టైపు చప్పుడు ఆగిపోయింది. టైపు చేసే ఇద్దరమ్మాయిలూ, గుమ్మంలో నిలబడ్డ డ్రైవరూ ఎటో చూస్తున్నట్టు నటిస్తూ చెవులు ఇటే పెట్టారు. అది చూస్తే ఆమెకు నవ్వొచ్చింది.

"సార్, ముందు వాళ్లను కాస్త బయటికి పంపించండి. తలుపేసి, అప్పుడు అడగండి."

అధికారి లేచి, అందరినీ పంపించి, తానే తలుపు వేశాడు.

"ఇప్పుడు చెప్పండి. గదిలో ఎవరైనా ఉన్నారా?"

"అత్తగారు ఉన్నారు."

అతను రాసుకున్నాడు. పెన్ను పక్కన పెట్టబోయి ఆగాడు. "ఈ ఒక్క ఇంట్లోనేనా?"

ప్రశ్నలక్క కుర్చీ లాక్కుని, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"కూర్చుని చెబుతాను సార్. చాలా ఇళ్లున్నాయి."